స్వరాజ్యమునకు పలనాటి పరీక్ష

స్వరాజ్యమను మాటను మనము వాడినంత విరివిగా మరియే రాజకీయ పదమును వాడియుండము. చేతులు మారినకొలది నాణెముపై ముద్ర అరిగిపోవునట్లు, నోళ్లు మారినకొలది మాటకు అర్థమును అరిగిపోవును. సభలలో స్వరాజ్యము, వీధుల పేర్లలో స్వరాజ్యము, ఎన్నికల ప్రకటనలలో గ్రామస్వరాజ్యము. ఇన్నిచోట్ల వినవచ్చు ఆ మాటకు అర్థమేమని యడిగినచో చాలమంది తడబడుదురు. పరాయిదొరలు పోవుటయే స్వరాజ్యమందురు కొందరు. ఓటుహక్కు కలుగుటయే స్వరాజ్యమందురు మరికొందరు. రెండును సత్యములే, కాని రెండును సగము సత్యములు.

“స్వ” అనగా తాను. తన్ను తాను ఏలుకొనుట స్వరాజ్యము. అయిన ఈ “తాను” ఎవరు? జాతియా, గ్రామమా, కులమా, ఒక్కొక్క మనుష్యుడా? 1918లో అమెరికా అధ్యక్షుడు విల్సను జాతులు తమ భవితవ్యమును తామే నిర్ణయించుకొనవలెనని ప్రకటించినప్పుడు లోకమెల్ల చెవియొగ్గి వినెను. 1945లో ఐక్యరాజ్యసమితి శాసనపత్రమునందును ఆ సూత్రము చోటుచేసికొనెను. వానికి పూర్వమే, 1909లో, గాంధీమహాత్ముడు “హింద్ స్వరాజ్” అను చిన్ని గ్రంథమున స్వరాజ్యమును వ్యక్తి మనోనిగ్రహముతో ముడివేసియుండెను. జాతికి స్వాతంత్ర్యము లభించియు వ్యక్తికి లభింపకపోవుట సాధ్యమా? వ్యక్తి తన్ను తాను ఏలుకొనలేనిచోట జాతి తన్ను తాను ఏలుకొనగలదా? ఈ ప్రశ్నలకు సమాధానము శాస్త్రగ్రంథములలో వెదకవచ్చును. అంతకంటె దగ్గరగా మన పలనాటిలోనే వెదకవచ్చును.

కృష్ణకు దక్షిణమున, నల్లమల యంచున నున్న రాతినేల పలనాడు. గురజాల, మాచర్ల, కారెంపూడి, దుర్గి, దాచేపల్లి అను పేర్లు విన్నంతనే తెలుగువానికి వీరగాథ జ్ఞప్తికి వచ్చును. శ్రీనాథుడు ఈ సీమ జొన్నకూటిని ఆక్షేపించుచు చాటువులు చెప్పెనని ప్రసిద్ధి. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడినది. తన్ను తాను ఏలుకొనుటకై ఈ సీమ మూడు విధములుగా ప్రయత్నించెను. ఒకమారు గెలిచి యోడెను, ఒకమారు ఓడి గెలిచెను, ఒకమారు ఇంకను పరీక్షలోనే యున్నది. ఆ మూడింటిని వరుసగా చూతము.

కోడిపందెమున పోయిన రాజ్యము

మొదటిది 12వ శతాబ్దినాటి కథ. పలనాటి రాజ్యము దాయాదుల నడుమ రెండయ్యెను. గురజాలలో నలగామరాజు, ఆయనకు మంత్రిణి నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయనకు అండ బ్రహ్మనాయుడు. పగ రగిలెను. కోడిపందెము కట్టిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యమును విడిచి పోవలెనని పణము. మాచర్లవారి కోడి యోడెను. వారు వలసపోయిరి. గడువు తీరినపిదప తమ భాగము తమకిమ్మని యడుగుటకు అలరాజును రాయబారము పంపిరి. ఆ రాయబారి చర్లగుడిపాడున విషప్రయోగమునకు బలియయ్యెను. ఆపై కారెంపూడి యుద్ధభూమి యొక్కటే మిగిలెను. బాలచంద్రుని వంటి పసివారు అచ్చట నేలకొరిగిరి. గెలిచినవారికిని ఏలుటకు రాజ్యము మిగులలేదు.

ఈ కథను మనము పౌరుషగాథగా వినుచు వచ్చితిమి. శ్రీనాథకృతమని చెప్పబడు “పలనాటి వీరచరిత్రము”ను అక్కిరాజు ఉమాకాంతము పండితులు 1911లో ప్రకటించిన తరువాత అది చదువరుల సొత్తు అయ్యెను. అంతకు పూర్వము శతాబ్దులుగా వీరవిద్యావంతుల నోట బ్రతికియుండెను. పౌరుషమునకు మనము తలవంచుట న్యాయమే. కాని పరిపాలన దృష్టితో చదివినచో ఇది మరియొక విధమగు కథ. ఒక దేశము యొక్క భవితవ్యము కోడికాలి కత్తిపై పెట్టబడెను. దేశమునందలి కాపును గాని, కమ్మరిని గాని, గొల్లను గాని, మాలను గాని ఎవరును అడుగలేదు. పందెము కట్టినవారు తమ రోషమును ఏలుకొనలేకపోయిరి. తమ రోషమును ఏలలేనివారు వేలమందిని ఏలబోయి వారినెల్లర కారెంపూడికి తరలించిరి.

అయినను ఆ కథయందే మరియొక దీపము వెలుగుచున్నది. అది చాపకూడు. బ్రహ్మనాయుడు కులభేదము లెంచక అందరిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. మాలకులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేపట్టి సేనకు నాయకుని జేసెను. ఎనిమిది శతాబ్దులకు పూర్వము ఇట్టి పని ఎంత సాహసమో నేటి కులపు గోడలను చూచువారికి తెలియును. కత్తితో గెలువదలచినది పోయెను. చాపమీద గెలిచినది నిలిచెను. నేటికిని యేటేట కార్తిక అమావాస్యకు కారెంపూడిలో వీరారాధనోత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినములు. ఆ యుత్సవములలో చాపకూడును ఒక భాగము. ఒకే ఉత్సవమున కోడిపోరును చాపకూడును రెండును గలవని పాఠకులు గమనింతురు గాక. పలనాటి వారసత్వము రెండు పాయలుగా ప్రవహించుచున్నది. ఏ పాయలోని నీరు త్రాగవలెనో నిర్ణయించుకొనుట ఏ తరమువారి భారము ఆ తరమువారిదే.

పుల్లరి

రెండవ ప్రయత్నము 1921నాటిది. అడవి అంచున నున్న పల్లెలకు అడవి యొక యాస్తి కాదు, అది బ్రతుకు. పశువులకు మేత, పొయ్యికి పుల్ల, నాగలికి కొయ్య, ఇంటికి వెదురు అచ్చటనుండియే రావలెను. 1882నాటి మద్రాసు అటవీ శాసనము తరువాత అడవులకు హద్దులు వేసి, రక్షితారణ్యములని పేరిడి, తాతలనాటి వాడుకను ప్రభుత్వము తన దయగా మార్చివేసెను. పశువును మేపవలెనన్న పుల్లరి కట్టవలెను. కట్టని పశువు హద్దు దాటినచో బందెలదొడ్డికి పోవును. దానిని విడిపించుకొనుటకు అపరాధ రుసుము. హద్దురాయి ఊరివాకిటనే పాతబడిన చోట్ల పశువు హద్దు దాటక యెట్లుండును? వానలు లేని యేట పుల్లరికి రూకలెచ్చటనుండి వచ్చును? చిన్నయుద్యోగి చేతిలో చీటీ పుస్తకము కొరడా అయ్యెను.

1921 వసంతమున అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. ఆ యేడే పలనాటి రైతులు సహాయనిరాకరణమును తమకు తెలిసిన రూపమున చేపట్టిరి. పుల్లరి కట్టుట మానిరి. వేధించు ఉద్యోగులకు సరకులు అమ్ముట మానిరి, సేవలు చేయుట మానిరి. పశువులను అడవికి తోలిరి. పరిస్థితి విచారించుటకు వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగారిని ప్రభుత్వము నిర్బంధించి చెరసాలకు పంపెను. చెర ఉద్యమమును ఆపలేదు. మించాలపాడు గ్రామమున కన్నెగంటి హనుమంతు నాయకుడై నిలిచెను. పుల్లరి యేల కట్టవలెనను ప్రశ్నకు కచ్చేరిలో సమాధానము లేకపోయెను. తుపాకిలో మాత్రము ఉండెను. చౌరీచౌరా దుర్ఘటనకు వగచి గాంధీమహాత్ముడు బార్డోలీలో శాసనోల్లంఘనమును నిలుపుదల చేయించిన కొలది దినములకే, అదే 1922 ఫిబ్రవరి నెలలో, హనుమంతు పోలీసు తుపాకి గుండ్లకు బలియయ్యెను.

ఉద్యమము ఓడెను. పుల్లరి మరల వసూలయ్యెను. కాని ఆ యేడాది గడిచిన తరువాత పలనాటి రైతు మునుపటి రైతు కాడు. ఎందుచేత? అతడు ఒక యేడు తన్ను తాను ఏలుకొని చూచెను. అనేక గ్రామములవారు ఒక్కమాటపై నిలుచుట, నష్టమును పంచుకొనుట, బందెలదొడ్డిలో తన యెద్దు ఆకలితో అరచుచున్నను రూక తీసి యీయకుండుట: ఇవి ఏ ప్రభుత్వమును నేర్పలేదు. స్వరాజ్యము రాకమునుపే వారు స్వరాజ్యమును కొంత అనుభవించిరి. పరిపాలన యనగా ఆజ్ఞలు చేయుట మాత్రమే యనుకొను వారికి ఈ మాట వింతగా తోచవచ్చును. ఆజ్ఞ చేయువాడు ఒక్కడు. ఆ యాజ్ఞ చెల్లునట్లు చేయువారు లక్షలమంది. లక్షలమంది తమ సమ్మతిని వెనుకకు తీసికొన్న దినమున ఆజ్ఞ కాగితమగును.

ఆ యేడు పలనాడొక్కటియే కాదు, గుంటూరు మండలమంతయు ఒక పాఠశాలగా నుండెను. చీరాల పేరాలలపై మునిసిపాలిటీని బలవంతముగా రుద్దినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు పన్ను కట్టుటకు మారుగా ఊరినే విడిచి, ఎల్లవెలుపల రామనగరమును నిర్మించుకొని సుమారు 11 నెలలు కాపురముండిరి. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి వెంట రైతులు భూమిశిస్తు నిరాకరించిరి. గ్రామోద్యోగులు పదవులను వదలిరి. చీరాలలో కాళ్లతోను, పెదనందిపాటిలో చేతులతోను, పలనాటిలో పశువులతోను ప్రజలు ఓటు వేసిరని చెప్పవచ్చును. నాటికి వారిలో నూటికి తొంబదిమందికి ఓటుహక్కు లేదు.

ఇచ్చట ఒక సూక్ష్మమును విస్మరింపరాదు. సాంఘిక బహిష్కారము రెండువైపుల పదును గల కత్తి. వేధించు ఉద్యోగికి సరకు అమ్మకుండుట ధర్మమే. ఉద్యమమున చేరుటకు మనసొప్పని పొరుగువానికి నీరు నిప్పు లేకుండ జేయుట ధర్మమగునా? ప్రజాబలము పరప్రభుత్వముపై తిరిగినంతకాలము అది స్వాతంత్ర్యముగా కనిపించును. అదే బలము ఒంటరి మనుష్యునిపై తిరిగినప్పుడు దాని నిజస్వరూపము బయటపడును. పొరుగువాని నోరు ఒత్తిడిచే మూయించు అలవాటు ఒకమారు చేతికి వచ్చినచో, దొర వెళ్లిపోయిన తరువాతను అది వెళ్లిపోదు. అది ఊరిలోనే ఉండి, క్రొత్త యజమానికై యెదురుచూచును.

జాతికి చాలినది మనిషికి చాలలేదు

ఈ సత్యమును ఆ కాలమున గ్రహించినవారు లేకపోలేదు. పలనాటి రైతులకై చెరసాలకు పోయిన ఉన్నవవారు ఆ చెరలో వ్రాసినది పుల్లరి కథ కాదు, “మాలపల్లి” కథ. పరప్రభుత్వముతో పోరాడుచున్నవాడు తన యూరి మాలపల్లెను గూర్చి వ్రాయుటలో గొప్ప యర్థమున్నది. మద్రాసు ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. మన అగ్రవర్ణములలోను అది చాలమందికి మింగుడుపడలేదు. చెర విడిచివచ్చిన ఆయన 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించి స్త్రీవిద్యకు పాటుపడెను. అడవిపై హక్కు, అన్నముపై హక్కు, అక్షరముపై హక్కు ఆయనకు మూడు వేరు విషయములుగా తోచలేదు.

నేడు పల్నాడు జిల్లాలోనే యున్న వినుకొండలో 1895లో గుఱ్ఱము జాషువాగారు జన్మించిరి. దేశము స్వరాజ్యమునకై యుద్ధము చేయుచున్న కాలమున, 1941లో, ఆయన “గబ్బిలము” వెలువడినది. అందలి కథానాయకుడు తన దుఃఖమును కాశీనాథునికి విన్నవించుకొనుటకు ఒక గబ్బిలమును దూతగా పంపును. గుడిలోనికి గబ్బిలము పోవచ్చును గాని ఆ మనిషి పోరాదు కదా! దేశము తన ఏలుబడిని తాను కోరుచుండగా, ఆ దేశమున పుట్టిన మనిషికి తన దైవము గడప తొక్కు స్వాతంత్ర్యము లేదు. ఆతనికి స్వరాజ్యమన నేమి? ఢిల్లీలో జెండా మారుట యొక్కటేనా?

ఈ ప్రశ్ననే రాజ్యాంగ పరిషత్తులో 1949 నవంబరు 25వ తేదీన డాక్టరు అంబేడ్కరుగారు దేశము ముందుంచిరి. రాజకీయములలో అందరికి సమానమైన ఓటు, సంఘమునందును సంపదయందును అసమానత. ఈ వైరుధ్యముతో ఎంతకాలము బ్రతుకగలమని ఆయన హెచ్చరించిరి. అంతకు ఏడాదికి ముందు అదే సభలో గ్రామములను సంకుచిత బుద్ధికిని మూఢత్వమునకును నెలవులని ఆయన విమర్శించినప్పుడు గ్రామస్వరాజ్యవాదులకు కోపము వచ్చెను. గాంధీజీకి గ్రామము దేవాలయము, అంబేడ్కరునకు గ్రామము చెర. పలనాటి చరిత్రను ముందు పెట్టుకొని చూచినచో ఇద్దరును సత్యమే పలికిరని తోచును. ఏకముగా నిలిచి పుల్లరి నెదిరించినదియు గ్రామమే. జాషువాను వెలుపల నిలిపినదియు గ్రామమే. చాపకూడు గ్రామమునకు సాధ్యమని ఒకరు నమ్మిరి. చాప యింకను పరువలేదని మరియొకరు చూపిరి.

కాగితముపై స్వరాజ్యము

మూడవ ప్రయత్నము మన కాలమునది. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. వయోజనులందరికి ఓటు వచ్చెను. గ్రామపంచాయతీలను ఏర్పరచి వానికి స్వపరిపాలనాధికారము లీయవలెనని 40వ అధికరణము ఆదేశించెను. 1959లో మహబూబునగరు జిల్లా షాద్‌నగరున ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్య వ్యవస్థకు ప్రారంభోత్సవము జరిగెను. 1992నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి, పంచాయతీలకు ఐదేండ్ల కొకమారు ఎన్నికలు, స్త్రీలకు మూడవవంతుకు తక్కువ గాని స్థానములు, దళితులకును గిరిజనులకును జనసంఖ్యను బట్టి స్థానములు విధించెను. 1994నాటి రాష్ట్ర శాసనము గ్రామమందలి ప్రతి ఓటరును గ్రామసభ్యుని జేసినది. పశువుల మేతకు దరఖాస్తు పెట్టుకొన్న రైతు మనుమడు నేడు శాసనము దృష్టిలో తన యూరికి పాలకుడు.

నీరును వచ్చెను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు విడువబడెను. జొన్నచేలలో వరియు, ప్రత్తియు, మిరపయు పండినవి. ఎండిన నేలకు నీరు వచ్చినట్లే, అణగిన మనిషికి స్వేచ్ఛయు వచ్చినదా?

2024 మే 13న శాసనసభకును లోకసభకును పోలింగు జరిగెను. ఆ దినమునను తరువాతి దినములలోను పల్నాడు జిల్లాలో ఘర్షణలు చెలరేగెను. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలో నలుగురు గుమిగూడరాదని నిషేధాజ్ఞలు విధింపవలసి వచ్చెను. భారత ఎన్నికల సంఘము జిల్లా కలెక్టరును బదిలీ చేయించి, పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేయించెను. ఏ పక్షమువారు మొదట రాయి విసరిరి, ఏ పక్షమువారు తరువాత విసరిరి అను విచారణ న్యాయస్థానములది. మనము చూడవలసినది వేరు. ఓటు వేయుట యనగా మారణాయుధము లేకుండ అభిప్రాయభేదమును తీర్చుకొనుట. ఓటు వేసినందుకే ఆయుధము పైకి లేచినచో మనము మరల కోడిపందెమునకే వచ్చితిమన్నమాట. పణము మాత్రము మారినది; నాడు ఏడేండ్లు, నేడు ఐదేండ్లు. ఓడినవాడు ఊరు విడిచి పోవలెనను షరతు మాత్రము కొందరి మనసులనుండి ఇంకను పోలేదు.

పంచాయతీ ఎన్నికలలో ఏకగ్రీవమునకు మనవారిచ్చు గౌరవమును గూర్చియు ఒక్కమాట చెప్పవలెను. పోటీ లేకుండ సర్పంచి నెన్నుకొన్న గ్రామములకు ప్రభుత్వములు పారితోషికములు ప్రకటించుట మన రాష్ట్రమున ఆచారమైనది. ఊరంతయు ఒక్కటై యోగ్యుని ఎంచుకొన్నచో అంతకంటె కావలసిన దేమి? కాని ఏకగ్రీవము రెండు విధములు. అందరును మాటలాడిన తరువాత కుదిరినది ఒకటి. ఎవరును మాటలాడలేనందున కుదిరినది మరియొకటి. మొదటిది చాపకూడు, రెండవది మౌనవ్రతము. నామినేషను పత్రము చేతబట్టుకొని కార్యాలయమునకు నడచిపోవుటకు ఒక కూలిమనిషి వెనుదీయునట్టి ఊరిలో ఏకగ్రీవము అభినందింపదగిన విషయము కాదు, విచారింపదగిన విషయము. శ్మశానమునందును భిన్నాభిప్రాయము లేదు.

కొన్ని ఆక్షేపణలు

పలనాటి నెత్తురే అట్టిదని కొందరందురు. పౌరుషము ఆ నేల గుణమట! ఈ మాట పలనాటి ప్రజలకు అవమానము. 1921లో అడవిలోనికి పశువులను తోలిన నెత్తురును పలనాటిదే. పన్ను కట్టక, పగ పూనక, నెలల తరబడి నిగ్రహము చూపినవారు ఆ కాపులే, ఆ గొల్లలే, ఆ కూలీలే. నేలకు గుణములుండును గాని అవి మనుష్యుల తలవ్రాత కావు. ఒక పార్శ్వమును చూపి రెండవదానిని దాచుట న్యాయము కాదు.

మరికొందరు పోలీసు బలగమును పెంచినచో సమస్య తీరునందురు. శాంతిభద్రతలు ప్రభుత్వము యొక్క మొదటి విధియే. పక్షపాతము లేని పోలీసు లేనిచోట బలహీనునకు దిక్కులేదు. కాని ప్రతి ఓటరు వెనుక నొక పోలీసును నిలిపినచో అది పరిపాలన యగును గాని స్వపరిపాలన కాదు. తన చేతిని తాను ఆపుకొనలేనివాని చేతిని మరియొకరు ఆపవలసి వచ్చును. ఆ మరియొకరే అప్పుడు యజమాని. అదుపు లోపలినుండి రాకున్నచో వెలుపలినుండి వచ్చితీరును. వ్యక్తి స్వపరిపాలనకును ప్రజల స్వపరిపాలనకును గల ముడి ఇచ్చటనే యున్నది.

మూడవ ఆక్షేపణ గట్టిది. ఆకలితో నున్నవానికి నిగ్రహము బోధింపవచ్చునా? కాలువనీటికి ఒకని దయ, కౌలుకు ఒకని దయ, అప్పుకు ఒకని దయ, పింఛనుకు ఒకని దయ కావలసిన మనిషి తన ఓటును తన యిష్టమున ఎట్లు వేయును? నిజమే. పరాధీనమైన బ్రతుకులో స్వాధీనమైన మనసు నిలుచుట కష్టము. అందువలన చట్టముచే వచ్చు మేలును చట్టముచేతనే రానీయవలెను. ఒక నాయకుని యింటి గడప మీదుగా రానీయరాదు. పుల్లరి చీటీ నాడు చిన్నయుద్యోగి చేతిలో కొరడా యైనట్లు, నేడు ఏ జాబితాయైనను పక్షనాయకుని చేతిలో కొరడా కారాదు. హక్కును దయగా మార్చుట అన్ని కాలముల దొరతనమునకు గుర్తు. దొర రంగు మారినంతమాత్రమున ఆ గుర్తు మారదు.

గీటురాయి

ఇంతకు స్వరాజ్యమునకు గీటురాయి యేది? గెలిచినవాని ఊరేగింపును చూచి స్వరాజ్యమును నిర్ణయింపరాదు. గెలిచినవానికి రాచరికములోను ఊరేగింపు ఉండును. ఓడినవాని యింటిని చూడవలెను. ఎన్నికల ఫలితము తెలిసిన రాత్రి ఓడినవాని యింటి తలుపు తెరచియున్నదా? అతని చేనికి మరునాడు నీరు పారినదా? అతని పిల్లలు బడికి పోయిరా? అతని పక్షమున ఓటు వేసిన కూలికి మరునాడు పని దొరకినదా? ఈ నాలుగింటికిని ఔనను జవాబు వచ్చిన ఊరు స్వరాజ్యము గల ఊరు. ఒక్కదానికి కాదను జవాబు వచ్చినను ఆ యూరికి జెండా గలదు, పంచాయతీ భవనము గలదు, స్వరాజ్యము మాత్రము ఇంకను రావలసియున్నది.

ఈ గీటురాయి జాతులకును చెల్లును. ఒక జాతి స్వాతంత్ర్యము ఆ జాతిలోని అల్పసంఖ్యాకుల యభయముచేత కొలువబడును. ఇంటికిని చెల్లును. ఇంటి పెద్ద మాటకు కాదనిన కోడలు, కూతురు, చిన్నవాడు ఆ యింట తలయెత్తుకొని తిరుగగలిగినచో ఆ యింట స్వరాజ్యమున్నది. మనిషి లోపలికిని చెల్లును. తన యభిప్రాయము ఓడిపోయినప్పుడు ఓటమిని భరింపగలవాడే తన్ను తాను ఏలుకొన్నవాడు. దేశము మొదలు దేహమువరకు ఒకే ధర్మము.

చేయవలసినది పెద్దది కాదు, అందుచేతనే కష్టము. గ్రామసభ చట్టప్రకారము నిజముగా కూడవలెను. సంతకముల పుస్తకములో మాత్రమే కూడరాదు. ఆ సభలో మొదటి మాట ఊరి చివరి యింటివానిది కావలెను. ఏకగ్రీవమును కోరువారు ముందుగా బహిరంగ సభలో భిన్నాభిప్రాయమును ఆహ్వానింపవలెను. గెలిచిన సర్పంచి ప్రమాణస్వీకారమునకు ముందు ఓడిన యభ్యర్థి యింటికి తానే నడచిపోవలెను. పక్షనాయకులు తమ యనుచరుల తప్పును తామే మొదట ఖండింపవలెను. ఎదిరిపక్షము తప్పును ఖండించుటకు వేయినోళ్లు గలవు. యువకులు కారెంపూడి వీరులకు మ్రొక్కునప్పుడు వారి కత్తులకు మాత్రమే మ్రొక్కక, వారి చాపకును మ్రొక్కవలెను.

కన్నెగంటి హనుమంతు పుల్లరికై చనిపోయెనని మనము చెప్పుకొందుము. కొన్ని రూకల పుల్లరికై ఎవరును ప్రాణము నీయరు. తన యెద్దు తన యూరి గడ్డి మేయుటకు మరియొకని యనుమతి అక్కరలేదను మాటకై ఆయన ప్రాణమిచ్చెను. ఆ మాటకు రెండవ సగమొకటి యున్నది. తన ఓటు తాను వేయుటకు తన పొరుగువానికిని ఎవరి యనుమతియు అక్కరలేదు. మొదటి సగమునకు ఒక వీరుడు చాలెను. రెండవ సగమునకు ఊరంతయు కావలెను. ఆ రుణము పలనాటిది మాత్రమే కాదు, తెలుగువారందరిది. అది తీరిన దినమున కారెంపూడిలో పరచిన చాప, ఉత్సవము ముగిసిన తరువాతను చుట్టబడక, ప్రతి యూరి రచ్చబండ మీద పరచియే యుండును.